గోనె పరదా నీడ

సక్కుబాయికి గడియారం చూడడం రాదు. అయినా లాల్‌దర్వాజా వెనక సందులో ఉన్న ఆ బడికి ఎనిమిదేళ్ళుగా గంట కొట్టేది ఆవిడే. గడియారం రాని మనిషి గంటెలా కొడుతుందని మూతి తిప్పకండి. ముందు వినండి.

ఆ బడి ఒక పాత దేవిడీలో నడిచేది. ఎవరో జాగీర్దారు కట్టుకున్న ఇల్లు. ఆయన పోయాడు, ఆయన గుర్రాలూ పోయాయి. గుర్రాలు కట్టేసిన చోట ఇప్పుడు రెండో తరగతి పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. పెద్దటీచరమ్మ కమలకుమారి గదిలో ఒక గోడ గడియారం ఉండేది గానీ, దాని స్ప్రింగు తెగి ఎన్నేళ్ళయిందో ఏమో, ఎప్పుడు చూసినా నాలుగుంబావే. కొత్తది కావాలని ఆవిడ కాగితాలు రాస్తూనే ఉండేది.

సక్కుబాయి మొగుడు లక్ష్మయ్య ఆ బడిలో చప్రాసీ. గడియారం ఆగిపోయిన ఏడాది అతనో ఉపాయం చేశాడు. దేవిడీ వరండా తూర్పు ముఖంగా ఉంటుంది. పొద్దున ఎండ లోపలి గోడ దాకా వచ్చి కూర్చుంటుంది. పొద్దెక్కే కొద్దీ మెల్లగా వెనక్కి తగ్గుతూ మెట్ల వైపు పోతుంది, చూరు నీడ దాని వెనకాలే నడుస్తుంది. లక్ష్మయ్య సున్నం ముంచిన పుల్లతో షాబాదు బండల మీద గీతలు గీశాడు. నీడ ఈ గీతకొస్తే మొదటి గంట, ఆ గీతకొస్తే రెండోది. మధ్యాహ్నానికి ప్రహరీగోడ నీడ, దానికి వేరే గీతలు. మబ్బు పట్టిన రోజున సార్లను అడిగి కొట్టేవాడు. అంతే, గడియారం అక్కర లేకుండా పోయింది.

లక్ష్మయ్య ఓ వర్షాకాలం జ్వరం తగిలి పోయాడు. అతని కొలువులో సక్కుబాయిని టెంపరరీగా పెట్టుకున్నారు. చీపురు, నీళ్ళ కుండలు, రైలు పట్టా ముక్కతో చేసిన గంట, ఆ గీతలు, అన్నీ ఆవిడకే వచ్చాయి. నెలకోసారి పెద్దటీచరమ్మను టైము అడిగి పాత గీతలు తుడిచి కొత్తవి గీసేది. గీస్తూ గీస్తూ ఆగిపోయేది. తడి సున్నం వాసనకు లక్ష్మయ్య ఖాకీ చొక్కా గుర్తొచ్చేది. చూరు మీద పావురాలు గుర్రుమంటూ ఉంటే, అతను ఆ వరండాలోనే ఎక్కడో వంగి గీత సరిచేస్తున్నట్టే ఉండేది. "ఏమాయె సక్కుబాయీ, నిద్రపోతున్నవా?" అని ఎవరో ఒకరు కేకేస్తే తప్ప లోకంలోకి వచ్చేది కాదు.

అయినా గంట మాత్రం తప్పలేదు, సుమండీ! ఎనిమిదేళ్ళలో రెండు నిమిషాలు అటూ ఇటూ అయిందేమో గానీ, తప్పలేదు.

ఆవిడ గంటకు అందరికన్నా రుణపడ్డ మనిషి గోపాలకృష్ణమూర్తి సారు. ఆయనది బందరు. లెక్కలూ, నీతి బోధనా చెప్పేవాడు. ఆయన చేతి గడియారం కూడా ఆయనతోపాటే బందరు నుంచి వచ్చింది, రోజుకు పది నిమిషాలు వెనకబడేది. గంట మోగగానే ఆయన నవ్వుకుంటూ దాన్ని తిప్పి సరిచేసుకునేవాడు. "మన బడికి సూర్యుడు ఒక్కడే నమ్మకస్తుడు, ఆయన తరువాత సక్కుబాయి" అనేవాడు.

నీతి బోధన శనివారం ఆఖరి పీరియడు. ఏడో తరగతి కూర్చునేది వరండాలోనే. సారు కథ చెప్పేవాడు. పిల్లలు ఒకళ్ళ జడలు ఒకళ్ళు లాక్కుంటూ సగం వినేవాళ్ళు. నిజానికి ఆ కథలు చెవి ఒగ్గి వినేది ఒక్క సక్కుబాయే. స్తంభానికి ఆనుకుని, కళ్ళు నీడ మీద, చెవులు కథ మీద పెట్టి కూర్చునేది. కానీ ఆవిడ రాత చూడండి, కథ సరిగ్గా చివరికొచ్చే వేళకు నీడ గీతకొచ్చేది. లేచి పోయి గంట కొట్టాలి. గంట మోగిందా, పిల్లలు సంచులు తీసుకుని పరుగో పరుగు. కథ చివర ఏమయిందో ఆవిడకు ఎన్నడూ తెలిసేది కాదు.

ఒక పడవవాడి కథ ఉండేది. ఏట్లో కొట్టుకొస్తున్న మూటను తీస్తాడు. ఎవరూ చూడలేదు. మూట ముడి మీద చెయ్యేస్తాడు... ఇంతలో గంట. సక్కుబాయి ఆ మూటను ఏళ్ళ తరబడి విప్పుతూనే ఉంది. కుండలు తోముతూ విప్పితే ఒకరోజు అందులో ఎర్ర పరికిణీ, ఇంకోరోజు వెన్నెల, ఒకరోజు లక్ష్మయ్య చొక్కా. ఏది దొరికితే ఆ రోజంతా అదే మనసులో పెట్టుకుని తిరిగేది.

ఆ ఏడాది ఆవిడ కూతురు కళావతి ఏడో తరగతి. అక్కడే అసలు ఫికరంతా, దిగులంతా. లక్ష్మయ్య అన్న మల్లన్న, బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరు, ఆ ఇంటికి పెద్దదిక్కు. చెడ్డవాడేం కాదు. వచ్చినప్పుడల్లా పిల్లకు జిలేబి తెచ్చేవాడు. కానీ ఉగాది నాడు మాట తేల్చేశాడు.

"సూడు సక్కుబాయీ, పాసయితే ఎనిమిదికి పంపు, నేనేమంట. ఫేలయితే మాత్రం ఆడపిల్లకు ఇంక సదువెందుకు? మా సందుల అగరొత్తుల పని ఉన్నది. మా పిల్లలతోటి కూసొని సుడతది."

"సరే బావా" అంది సక్కుబాయి. అనక ఏం చేస్తుంది? పాసవుతుందనే ధీమా. కళావతి తెలుగులో, సాంఘికంలో గట్టిది. లెక్కల్లోనే బొటాబొటి. సక్కుబాయి అప్పటికే కూతుర్ని ఎన్నోసార్లు టీచరమ్మను చేసేసింది. ఖాళీ తరగతిలో ఊడుస్తూ ఊడుస్తూ కుర్చీ వైపు చూస్తే, కళావతి నీలం చీరలో కూర్చుని హాజరు పిలుస్తూ కనపడేది. అలాంటప్పుడు కుర్చీ కింద చీపురు కూడా నెమ్మదిగా వేసేది.

లెక్కల పరీక్ష ఏప్రిల్‌లో, ఒంటిపూట బడి రోజుల్లో. ఎనిమిదింటి నుంచి పదిన్నర దాకా. ముందు రోజు తెలుగు పరీక్షప్పుడు పిల్లలు గోల పెట్టారు, ఎండ కళ్ళల్లో కొడుతోందని. సక్కుబాయి ప్రాణం ఊరుకుంటుందా? ఆ సాయంత్రం నాలుగు గోనె సంచులు విప్పి, కుట్టి, పరదా చేసి చూరుకు వేలాడగట్టింది. పొద్దున పిల్లలు చల్లగా కూర్చున్నారు. పెద్దటీచరమ్మ తన చేతి గడియారం చూసి మొదటి గంట కొట్టించి, ఆఫీసు పనుందని రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది.

సక్కుబాయి స్తంభం దగ్గర కూర్చుంది. పరదా కింద పిల్లలు తలలు వంచి రాస్తున్నారు. రెండో వరసలో కళావతి. పెన్ను కాసేపు కదులుతుంది, కాసేపు ఆగుతుంది. ఆగినప్పుడల్లా తల్లి ఊపిరీ ఆగుతుంది. బయట మేడల మీద ఎవరో పావురాల్ని ఎగరేశారు. అవి గుంపుగా తిరిగినప్పుడల్లా ముంగిట్లో నీడలు తిరుగుతున్నాయి. సక్కుబాయి వాటి వెంట వెళ్ళింది, నీలం చీర దగ్గరికి. తిరిగొచ్చి చూస్తే నీడ అంచు గీతను తాకింది. లేచి వెళ్ళి గంట కొట్టింది.

గోపాలకృష్ణమూర్తి సారు చెయ్యి చూసుకున్నాడు. పదీ పావు. గడియారాన్ని విదిలించి, ఎప్పటిలాగే పదిన్నరకు తిప్పుకుని, "పెన్నులు కింద పెట్టండి" అన్నాడు.

పిల్లలు గోలగోలగా నల్లా దగ్గరికి పరుగెత్తారు. నాగమణి అనే పిల్ల, క్లాసులో ఫస్టు, గొంతు చించుకుని చెబుతోంది. "తొట్టి లెక్క ఎంతొచ్చిందే నీకు? ఒక నల్లా మూడు గంటలు, ఒకటి ఆరు గంటలు, రెండూ విప్పితే రెండు గంటలే! ఎవరికొచ్చింది రెండు?"

కళావతి మొహం పాలిపోయింది. తల్లి దగ్గరికొచ్చి, "అమ్మా, నేను నాలుగున్నర ఏసిన. తప్పే అనిపించింది, మల్ల చేద్దామనుకునేసరికి గంట గొట్టినవ్. అది తప్పయితే పాసుగాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని నల్లా వైపు వెళ్ళిపోయింది.

నాలుగున్నర! ఒక్క నల్లా మూడు గంటల్లో నింపే తొట్టికి, రెండు విప్పాక నాలుగున్నర పడుతుందా? తెల్లారి లేస్తే నల్లా దగ్గరే బతికే సక్కుబాయికి ఆ మాత్రం తెలుసు.  చేతులు ఊరుకోక, పరదా విప్పుదామని లేచింది.

ముడి విప్పింది. పరదా జారింది. ఎండ ఒక్కసారిగా లోపలికి ఉరికింది. గీతను దాటి ఇంకా జానెడు లోపలికి వచ్చి పడింది.

సక్కుబాయి అలాగే నిలబడిపోయింది. నీడ అంచు గీతకు రావాలంటే ఇంకా పావుగంట పడుతుంది. పరదా కడితే చూరు కిందికి దిగినట్టే, నీడ ముందుకు పోదూ! ఈ పాడు బుద్ధికి అది తోచలేదే! పిల్లలకు ఎండ తగలగూడదని తను కట్టిన గోనె, పిల్లల పావుగంట మింగేసింది. తన పిల్లది కూడా.

చుట్టూ చూసింది. ఎవరూ లేరు. సారు లోపల కాగితాలు సర్దుతున్నాడు, ఆయన గడియారం ఇప్పుడు తన గంట ప్రకారమే నడుస్తోంది. లోకంలో ఈ సంగతి తెలిసింది తనకొక్కదానికే. ఆ నెలలోనే కొలువు పర్మనెంటు చేసే కాగితం పైకి పోవాలి. పరదా ఎత్తి తాడు మళ్ళీ కొక్కేనికి తగిలించింది. ముడి వేసింది. నీడ బుద్ధిగా వచ్చి గీత మీద కూర్చుంది. ఆవిడ దాన్నే చూస్తూ నిలబడింది. లక్ష్మయ్య చెయ్యి గీసినట్టే ఉంది ఆ గీత. మళ్ళీ ముడి విప్పేసి లోపలికి వెళ్ళింది.

"సారూ, గంట తప్పు గొట్టిన. పావుగంట ముంగట గొట్టిన."

సారు ముందు నవ్వాడు. ఆవిడ చెయ్యి పట్టి లాగినంత పని చేసి వరండా చూపించాక నవ్వు పోయింది. నుదురు తుడుచుకున్నాడు. "నా గడియారం ఈ పూట నిజం చెప్పింది, నేనే దాని చెవి మెలిపెట్టాను" అన్నాడు. ఆ తరువాత ఆయన చేసిన పని ఇంకెవరూ చేసి ఉండరు. పెద్దటీచరమ్మ వచ్చేదాకా ఆగలేదు. పిల్లలందరినీ పిలిచి కూర్చోబెట్టి, ఎవరి కాగితాలు వాళ్ళకు పంచాడు.

"చూడండర్రా, మీకు పావుగంట బాకీ పడ్డాం. ఇప్పుడిస్తున్నాను. కానీ మీరు బయట మాట్లాడుకున్నారు. అక్కడ విన్నది ఇక్కడ రాయకండి. రాస్తే నేను కనిపెట్టలేను, మార్కులూ తగ్గించను. విన్నదేదో, వచ్చిందేదో మీకే తెలుసు. ఊఁ, కానివ్వండి."

అబ్బో, ఎంత తేలిగ్గా అనేశాడో! పన్నెండేళ్ళ పిల్లల నెత్తిన ఎంత బరువు పెట్టాడో ఆయనకు తెలుసా?

నలభై పెన్నులు గబగబా కదిలాయి. సక్కుబాయి స్తంభం చాటు నుంచి రెండో వరస వైపే చూస్తోంది. కళావతి కాగితం విప్పింది. తొట్టి లెక్క దగ్గర ఆగింది. పెన్ను ఎత్తింది. రాయి బిడ్డా, అనుకుంది తల్లి. రెండు గంటలు. రెండంటే రెండు. నీకు తెలుసు, నాకు తెలుసు, గోడలకు కూడా తెలుసు. రాయవే నా తల్లీ!

కళావతి పెన్నుకు మూత పెట్టేసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బయట పావురాల్ని చూస్తూ పావుగంటా కూర్చుంది. నీడ నడిచి నడిచి గీత దాటి పోయింది, సారు గడియారం చూసి తలూపాడు. సక్కుబాయి కాళ్ళీడ్చుకుంటూ పోయి రెండోసారి గంట కొట్టింది. ఆ గంట తన గుండె మీదే కొట్టుకున్నట్టయింది.

పెద్దటీచరమ్మ తిరిగొచ్చి సంగతి విని ఇద్దరికీ చెడామడా చివాట్లు పెట్టింది. సారుకు మెమో ఇచ్చింది. సక్కుబాయి పర్మనెంటు కాగితాన్ని ఇంకో ఏడాది పక్కన పెట్టింది.

మే మొదట్లో ఫలితాలు వచ్చాయి. కళావతికి లెక్కల్లో ముప్పై మూడు. పాసుకు ముప్పై అయిదు. తొట్టి లెక్కకు అయిదు మార్కులు.

కాగితం పట్టుకుని సారే సక్కుబాయి దగ్గరికి వచ్చాడు. "చాలామంది నాలుగున్నర కొట్టేసి రెండు వేశారు, సక్కుబాయీ. మాటిచ్చాను కాబట్టి మార్కులు వేశాను. నీ కూతురు నాలుగున్నరే ఉంచింది" అన్నాడు.

సక్కుబాయి చీపురు విసిరేసింది. ఎనిమిదేళ్ళలో ఆయన ముందు గొంతెత్తడం అదే మొదలు.

"నీ నీతి పాఠం నలభై మందికి చెప్తివి గద సారూ, నా ఒక్క పిల్లకే ఎందుకు తగిలింది? అందరు రాసిరి, అందరు పాసయిరి. నా బిడ్డ ఇంక అగరొత్తులు సుట్టాలె. నీ కథల ఆఖరు నేనెన్నడు వినలె, గంట గొట్టేది ఉంటది గద నాకు. గిదేనా ఆఖరు? గిట్లనే అయితదా మంచోళ్ళకు?"

సారు కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయి, పెట్టుకోలేక, ఆవిడ చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మల్లన్న వచ్చాడు. ఈసారి జిలేబి తేలేదు. మంచం మీద కూర్చుని, "ఏం జేద్దాం మరి? రాసి పెట్టినట్టయితది. ఎల్లుండి నుంచి పంపు" అన్నాడు. కళావతి గడప దగ్గర గోడకానుకుని కూర్చుంది. సక్కుబాయి ఇన్నాళ్ళూ అడగని మాట అడిగింది.

"తెల్సి గూడ ఎందుకు రాయలేదే? సారు భయమా?"

"సారుతోటి ఏం భయం" అంది కళావతి. "నేను నల్లా కాడ్నుంచి నిన్ను చూసిన అమ్మా. పరదా ఇప్పినవ్, ఎండ లోపలికొచ్చింది. చుట్టూ చూసినవ్. మల్ల కట్టినవ్. అమ్మ చెప్పదిగ అనుకున్న. గంతల్నే నువ్వు ముడి ఇప్పి సారు దగ్గరికి పోయినవ్. నిన్నెవ్వరు చూడలె. అయినా పోయి చెప్పినవ్. గట్ల నువ్వు చెప్పినంక, నేనెట్ల రాయాలె?"

 బిడ్డ తల్లిని ఎక్కడికో ఎత్తేసింది. అక్కడ నిలబడడానికి ఆవిడకు సిగ్గయింది.

"సత్తెం గిత్తెం నాకేమెర్కనే పిచ్చిపిల్లా! నీ పావుగంట నీకు రావాలెనని పోయిన. నీ కోసం పోయిన."

"అయినా పోయినవ్ గదా" అంది కళావతి.

ఆ మాటతో సక్కుబాయి కళ్ళు తుడుచుకుని మల్లన్న వైపు తిరిగింది. కూతురి కాగితం ఆయన ముందు మంచం మీద పరిచింది. నాలుగున్నర మీద వేలు పెట్టింది.

"బావా, నీకు ఉగాది నాడు సరే అన్న. ఇయ్యాల వద్దంటున్న. గీ పిల్ల అగరొత్తులు సుట్టదు. మల్ల ఏడే సదువుతది."

"మల్ల ఫేలయితే?"

"మల్ల సదువుతది. నా పర్మనెంటు గూడ ఏడాది ఎనక్కి పోయింది. ఇద్దరం కల్సే ఏడాది ఆగుతం."

మల్లన్న ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. తెలుగు అంకెలు కూడా సరిగా రానివాడికి అందులో ఏం కనపడిందో మరి. లేచి చెప్పులు వేసుకుంటూ, "పోరికి జిలేబి తేకపోతిని" అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

జూన్‌లో బడి తెరిచారు. సక్కుబాయి గీతలు కొత్తగా గీసింది. పరదా తాడు అవతలి కొస పట్టుకుంది కళావతి. పరదా ఈసారి చూరుకు కాదు, లోపలి దూలానికి కట్టారు. మొదటి శనివారం ఆఖరి పీరియడులో సారు మళ్ళీ పడవవాడి కథ ఎత్తుకున్నాడు. పడవవాడు మూట ముడి మీద చెయ్యి వేశాడు, నీడ గీతకొచ్చింది, సక్కుబాయి లేచింది.

"ఉండండర్రా, ఎవరూ లేవొద్దు" అన్నాడు సారు. "సక్కుబాయీ, గంట కొట్టి రా. చివర నువ్వొచ్చాకే చెబుతాను."

ఆవిడ గంట కొట్టి పరుగున వచ్చి, పమిటతో చేతులు తుడుచుకుంటూ స్తంభం దగ్గర నిలబడింది. రెండో వరసలోంచి కళావతి వెనక్కి తిరిగి చూసింది. సారు చెప్పాడు. పడవవాడు ముడి విప్పలేదట. ఊరూరా తిరిగి, మూట పోగొట్టుకున్నవాణ్ణి వెతికి అప్పజెప్పాడట.

"గంతేనా సారూ? మరి మూటల ఏమున్నది?"

సారు తెల్లమొహం వేశాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆయనా అనుకోలేదు. "ఏమో సక్కుబాయీ, నాకూ తెలీదు" అని నవ్వేశాడు.

"నాకెర్కే" అంటూ సక్కుబాయి చీపురు అందుకుంది.